జో కోపము

ఇంగ్లాండున 1802లో ప్రారంభమైన తన పత్రికయందు సారా ట్రిమ్మరు పిల్లల గ్రంథములను, 14 మొదలు 21 ఏండ్ల వఱకుఁ గల యువజనుల గ్రంథములను వేఱుపఱచి పరిశీలించెను. కాని పేరు వేఱైనంత మాత్రమునఁ బాత్రలు మాఱలేదు. చాలకాలము ఆ కథలలోని కన్య వినయమునకు బొమ్మ. 1867లో అమెరికాలో మార్తా ఫిన్లీ సృజించిన ఎల్సీ డిన్స్‌మోరు అట్టిదే. ఆదివారమున లౌకికగీతము వాయింపుమని తండ్రి యాజ్ఞాపింపఁగా నొల్లక, పీటమీఁదనే గంటలకొలఁది కూర్చుండి మూర్ఛిల్లును. ఆమె నిరాకరణము సైతము కన్నీటితోఁ గూడిన భక్తియే.

మఱుసటి యేఁడే బోస్టనులో లూయిజా మే ఆల్కాటు రచించిన “లిటిల్ విమెన్” వెలువడెను. బాలికలకొక కథ వ్రాయుమని ప్రకాశకుఁడు థామస్ నైల్సు కోరినపుడు ఆమెకు మనసొప్పలేదు. తన యక్కచెల్లెండ్రను దప్ప బాలికల నంతగా నెఱుఁగనని దినచర్యలో వ్రాసికొనెను. తత్త్వవేత్తయైన తండ్రికి సంపాదన స్వల్పము. ఇంటి యక్కఱయే ఆమెచేఁ గలము పట్టించినది. ఎఱుఁగనివారిని గల్పింపక తన యింటివారినే వ్రాసినందున నా పుస్తకము బ్రదికినదని నా తలంపు.

అందు ముఖ్యురాలగు జోకుఁ గోపము మెండు. చెల్లెలు ఏమీ తన వ్రాఁతప్రతిని నిప్పులో వేయఁగా జో క్షమింపదు. ఏటిమీఁది మంచు పలుచగా నున్నదని తెలిసియు, ఆ పగతోనే చెల్లెలిని హెచ్చరింపక పోవును. ఏమీ నీటఁ బడును. వెనుకటి కథలలోనైనచో నిచ్చటఁ దల్లి నీతిబోధ చేసెడిది. ఈ తల్లియో, తనకును దినదినము కోపము వచ్చుచునే యున్నదనియు, 40 ఏండ్లు ప్రయత్నించియు దాని నణఁచుకొనుట మాత్రమే నేర్చితిననియుఁ జెప్పును. పిల్లల యెదుటఁ దమ లోపము నొప్పుకొను పెద్దలు మన యిండ్లలో నిప్పటికిని ఎందఱు?

మొదటి భాగము చదివిన బాలికలు జోను లారీకిచ్చి పెండ్లి చేయుమని యుత్తరములు వ్రాసిరి. జో అవివాహితగా, రచయిత్రిగా నుండుటయే ఆల్కాటునకు సమ్మతము. పాఠకుల యొత్తిడికిఁ గొంత లొంగి, కొంత మొండికెత్తి, 1869 నాఁటి రెండవ భాగమున ఆమెకు వయసు మీఱిన జర్మను పండితుఁడు భేరుతో వివాహము చేసెను. ఇది నాకంత బాధ గాదు. ఆ పండితునికి రుచింపవని జో తన యుద్రేకపు కథలను గాల్చివేయుటయే నాకు నొప్పి. అట్టి కథకు వచ్చిన బహుమానముతోనే గదా రోగియగు చెల్లెలు బెత్తును తల్లితోఁగూడ సముద్రతీరమునకుఁ బంపినది! ఆల్కాటు సైతము మాఱుపేరుతో నట్టి కథలే వ్రాసి యిల్లు నడపెననుట 1943లో లోకమునకుఁ దెలిసినది.

ఆమె పెండ్లాడలేదు. మసాచుసెట్సులో స్త్రీలకుఁ బాఠశాలాసంఘముల యెన్నికలలో వోటు లభించినపుడు, 1879లో కాంకర్డు నందు మొట్టమొదటఁ బేరు వ్రాయించుకొన్న స్త్రీ ఆమెయే.