బిడ్డకు ఇల్లు, ఇంటికి తోడు

(ఎస్తేరు 2:5–11, యాకోబు 1:27 చదువుడి)



యాకోబు తన పత్రికలో నిజమైన భక్తి యెట్టిదో చెప్పుచు, దిక్కులేని పిల్లలను గూర్చియు విధవరాండ్రను గూర్చియు ఏ మాట వాడెనో మీరు గమనించితిరా? వారికి ధనమిమ్మని గాని, వారికొరకు కట్టడములు కట్టుమని గాని ఆయన అక్కడ చెప్పలేదు. పరామర్శించుట అను మాట వాడెను. పరామర్శ యనగా ఇంటికి వెళ్లుట, దగ్గర కూర్చుండుట, ఎట్లున్నారని అడుగుట, కొన్నాళ్లకు మరల వెళ్లుట. చావు జరిగిన ఇంటికి పదిమంది నడచి వెళ్లు మన పల్లెలలో ఈ మాట బరువును వేరుగా చెప్పనక్కరలేదు.

తల్లిదండ్రులు లేని బిడ్డలను, ఉన్నను వారియొద్ద పెరుగజాలని బిడ్డలను ఎట్లు పెంచవలెనను సంగతిని గూర్చి గడచిన ఎనుబది సంవత్సరములలో వైద్యులును పండితులును ఎన్నో పరిశోధనలు చేసిరి. వారి పుస్తకములు పెద్దవి. అయినను వారు కనుగొనిన దానిలో ముఖ్యమైన సంగతి ఈ చిన్నమాట యొద్దకే వచ్చి నిలిచినదని ఈ నెల మీకు చూపగోరుచున్నాను.

పెంపకము మన వేదములో క్రొత్త సంగతి కాదు. ఏటి ఒడ్డున జమ్ముపెట్టెలో దొరికిన మోషేను ఫరో కుమార్తె ఒక దాదికి అప్పగించి, జీతమిచ్చి పెంపించెను. ఆ దాది మరెవరో కాదు, బిడ్డను కన్నతల్లియే. ఎస్తేరు తలిదండ్రులు చనిపోగా, వరుసకు అన్నయైన మొర్దెకై ఆమెను తన కుమార్తెగా పెంచుకొనెను. ఆమె రాజు నగరికి చేరిన తరువాత అతడు తన పని తీరినదని ఊరకుండలేదు. ప్రతిదినము అంతఃపురపు ఆవరణము ఎదుట నడచుచు ఆమె క్షేమము విచారించుచుండెను. బిడ్డకు ఇల్లు చూపుట ఒక పని. ఆ ఇంటి యెదుట ప్రతిదినము నడచుట మరియొక పని. ఈ రెంటిలో ఏది తప్పినను బిడ్డకు కీడేయని చరిత్ర చెప్పుచున్నది.

అన్నముండి ఒడి లేనిచోట

మన మిషను చరిత్రలో అనాథశాలలకు గౌరవమైన స్థానము కలదు. 1876–78 సంవత్సరముల గొప్ప కరువులో తల్లిదండ్రులను పోగొట్టుకొనిన పిల్లలను మిషనరీలు చేరదీసి అన్నముపెట్టి చదువు చెప్పించిరి. ఆ ఉపకారమును మరచుట కృతఘ్నత యగును. అయితే మంచి మనస్సుతో పెట్టిన శాలలో కూడ పసిబిడ్డకు ఏమి కొరవడునో తెలిసికొనుట ఆ ఉపకారమును తక్కువచేయుట కాదు.

యూరోపునుండి అమెరికాకు వలసవచ్చిన రెనే స్పిట్జ్ అను వైద్యుడు 1945లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆయన రెండు స్థలములను పోల్చి చూచెను. మొదటిది శిశుశాల. అక్కడ శుభ్రత కలదు, మంచి ఆహారము కలదు, వైద్యుడు కలడు. కాని ఒక్కొక్క దాది ఇంచుమించు ఎనిమిదిమంది పసివారిని చూడవలసియుండెను. తొట్టెల ప్రక్కల దుప్పట్లు వ్రేలాడదీయుటచేత బిడ్డలకు పైకప్పు తప్ప వేరేమియు కనబడదు. రెండవది స్త్రీల చెరసాలకు చేరిన శిశుగృహము. అక్కడ శిక్ష ననుభవించుచున్న తల్లులే తమ బిడ్డలను ఎత్తుకొని పెంచుచుండిరి.

ఏ బిడ్డలు బాగుగ పెరిగిరో ఊహింపుడు. చెరసాలలోని బిడ్డలు నవ్వుచు, నడచుచు, మాటలు నేర్చుకొనుచుండిరి. శుభ్రమైన శాలలోని బిడ్డలు బరువు తగ్గి, రోగములకు లొంగి, రెండు సంవత్సరములలో మూడవవంతుకు పైగా చనిపోయిరి. స్పిట్జ్ లెక్కకట్టిన రీతిలో లోపములున్నవని తరువాతి పండితులు కొందరు చెప్పిరి. అయినను ఆయన చూపిన ముఖ్య సంగతిని త్రోసివేయలేకపోయిరి. 1951లో జాన్ బౌల్బీ అను ఆంగ్ల వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థకొరకు ఒక నివేదిక వ్రాసి, పసిబిడ్డకు తల్లియైనను, తల్లి స్థానమందు నిలిచి విడువక పెంచు మరియొకరైనను ఉండవలెనని బోధించెను.

ఇల్లుండి తోడు లేనిచోట

అట్లయిన బిడ్డను ఏదో ఒక ఇంటిలో పెట్టిన చాలునా? చాలదు. స్పిట్జ్ వ్యాసము వెలువడిన ఆ 1945వ సంవత్సరమందే ఇంగ్లండుదేశము ఈ సంగతిని కన్నీటితో నేర్చుకొనెను.

డెన్నిస్ ఓనీల్ పండ్రెండేండ్ల బాలుడు. వేల్సులోని న్యూపోర్టు పట్టణపు అధికారులు అతనిని తమ సంరక్షణలోనికి తీసికొని, 1944లో ష్రాప్‌షైరు జిల్లాలోని ఒక రైతు ఇంటిలో పెంపకమునకు పెట్టిరి. పెంచువారికి డబ్బు వెళ్లుచుండెను. కాని వెళ్లి చూడవలసిన బాధ్యత ఎవరిదో రెండు ప్రాంతముల అధికారులు సరిగా తేల్చుకొనలేదు. ఆ డిసెంబరులో కార్యాలయపు గుమాస్తా ఒకామె వెళ్లి చూచి, బాలుని స్థితి బాగుగ లేదు, అతనిని అక్కడనుండి తీసివేయవలెనని తెలియజేసెను. ఆ మాటపై వెంటనే కదలినవారు లేరు. 1945 జనవరి 9వ తేదీన ఆ బాలుడు ఆకలిచేతను దెబ్బలచేతను చనిపోయెను.

దేశమంతయు కలత చెందెను. సర్ వాల్టర్ మాంక్టన్ విచారణ జరిపెను. మైరా కర్టిస్ అధ్యక్షతను ఒక సంఘము దేశమందలి దిక్కులేని పిల్లల స్థితిని పరీక్షించి 1946లో నివేదిక ఇచ్చెను. 1948లో చట్టము పుట్టెను. దాని ప్రకారము ప్రతి ప్రాంతమందును పిల్లల సంగతి చూచుటకే ఒక అధికారి నియమింపబడవలెను. చట్టము కావలసివచ్చిన దేనికో ఆలోచింపుడు. ఇల్లు దొరకలేదని కాదు, ఇంటి యెదుట నడచు మొర్దెకై లేకపోయెననియే గదా!

బుకారెస్టు నగరపు పరీక్ష

రుమేనియా దేశమును ఏలిన చౌషెస్కు 1966లో జనసంఖ్య పెంచగోరి, గర్భస్రావమును నిషేధించుచు శాసనము చేసెను. ప్రతి యింట పిల్లలు పుట్టిరి గాని పెంచు శక్తి బీదలకు లేకపోయెను. ప్రభుత్వ శాలలో విడిచిన బాగుగ పెరుగుదురని వారికి చెప్పబడెను. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వము కూలినప్పుడు అట్టి శాలలలో లక్షకుపైగా పిల్లలు లోకమునకు కనబడిరి.

2000 సంవత్సరములో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అను ముగ్గురు అమెరికా పండితులు రుమేనియావారితో కలిసి రాజధానియైన బుకారెస్టులో ఒక పరిశోధన మొదలుపెట్టిరి. ఆరు శాలలనుండి, ఆరు నెలలు మొదలు ముప్పదియొక నెలల వరకు వయస్సుగల 136 మంది బిడ్డలను తీసికొనిరి. చీట్లు వేసి 68 మందిని పెంపుడు కుటుంబములకు పంపిరి. మిగిలిన 68 మంది శాలల సంరక్షణలోనే ఉండిరి. తల్లిదండ్రులయొద్దనే పెరుగుచున్న బిడ్డలను కొందరిని పోల్చుటకు చూచిరి.

సగముమందిని శాలలో ఉంచుట న్యాయమా అని మీరు అడుగవచ్చును. మంచి ప్రశ్న. నేటికిని పండితులు దానిని చర్చించుచున్నారు. అప్పటికి ఆ నగరమందు పెంపుడు కుటుంబములు దాదాపు లేవు, ఈ పనికొరకే 56 కుటుంబములను క్రొత్తగా వెదకి సిద్ధపరచిరి. శాలలో మిగిలిన ఏ బిడ్డకైనను కన్నవారుగాని మరియొక కుటుంబముగాని దొరికినచో అడ్డు చెప్పరాదని నియమము పెట్టుకొనిరి.

ఫలమేమి? నాలుగున్నర ఏండ్ల వయస్సున తెలివిని కొలిచినప్పుడు, కన్నవారియొద్ద పెరిగిన పిల్లలకు సగటున 109, పెంపుడు ఇండ్లకు వెళ్లినవారికి 81, శాలల వంతునకు వచ్చినవారికి 73 వచ్చినది. రెండేండ్లు నిండకముందు ఇల్లు చేరినవారు అందరికంటె ఎక్కువగా కోలుకొనిరి. ఆలస్యముగా చేరినవారికి మేలు లేదని అనుకొనకుడి, దిగులును భయమును తగ్గించుటలో పెంపుడు ఇల్లు వారికిని సహాయపడెను. పండ్రెండవ యేట మరల చూడగా, మొదట చేరిన ఇంటిలోనే నిలిచిన పిల్లలు ఇండ్లు మారినవారికంటె నెమ్మదిగా ఉండిరి. రుమేనియా 2004లో చట్టము చేసి, రెండేండ్లలోపు బిడ్డలను, తీవ్రమైన అంగవైకల్యము గలవారిని తప్ప, శాలలలో పెట్టరాదని నిర్ణయించెను.

ఇందులో మీరు మరువగూడని సంగతి ఒకటి కలదు. ఆ 56 కుటుంబములను ఒంటరిగా విడువలేదు. వారికి ఖర్చు ఇచ్చిరి. ముగ్గురు సంఘసేవకులు వారి యిండ్లకు మానక వెళ్లుచుండిరి. బిడ్డ రాత్రులు ఏడ్చినను, అన్నము తినకున్నను, తల్లి విసిగినను, అడుగుటకు ఒక మనిషి ఉండెను. ఆ సంఘసేవకులకు సహితము వారమువారము అనుభవజ్ఞులైన వైద్యులు ఆలోచన చెప్పుచుండిరి. బిడ్డ వెనుక తల్లి, తల్లి వెనుక సేవకుడు, సేవకుని వెనుక మరియొకరు నిలిచిరి.

పనివారి చేతులు

పనివారు అలసినచో ఏమగును? అమెరికాలోని మిల్వాకీలో 2003, 2004 సంవత్సరములలో ప్రభుత్వ సంరక్షణకు వచ్చి, తరువాత కన్నవారియొద్దకో మరియొక స్థిరమైన ఇంటికో చేరిన పిల్లల లెక్కలు తీసిరి. అట్లు స్థిరమైన ఇల్లు చేరిన పిల్లలలో నూటికి 74 మందికి పైగా మొదటినుండి ఒకే సేవకుని చేతిలోనున్నవారు. సేవకుడు ఒకసారి మారినవారు నూటికి 17 మంది, ముగ్గురు సేవకులను చూచినవారు నూటికి 5గురు మాత్రమే. చిక్కైన సంగతులు ఎక్కువకాలము సాగును గనుక సేవకులు మారుట వాటిలో సహజముగానే ఎక్కువ. కాబట్టి భేదమంతయు ఆ మార్పువలననే కలిగెనని చెప్పరాదు. అయినను, తన కథను ప్రతిసారి క్రొత్తవారికి మొదటినుండి చెప్పుకొనవలసిన బిడ్డ ఎంత నష్టపడునో మనకు తెలియును.

అమాలేకీయులతో యుద్ధము జరిగిన దినమున మోషే చేతులు బరువెక్కగా అహరోనును హూరును వాటిని ఎత్తి పట్టుకొనిరి. మోషే విశ్వాసములేనివాడు గనుక చేతులు వాలలేదు. మనుష్యుడు గనుక వాలినవి. పరుల బిడ్డల కన్నీరు దినదినము చూచువారి మనస్సు కూడ అట్లే వాలును. వారిని నిందించుట కాదు, పట్టుకొనుట మన పని.

మన సంఘము సంగతి

మన దేశమందు 2015 నాటి బాలల న్యాయ చట్టము పెంపుడు కుటుంబములకు చోటిచ్చినది. జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ద్వారానే బిడ్డను అప్పగింపవలెను. దిక్కులేని బిడ్డ కనబడినప్పుడు జాలితో ఎవరికో ఇచ్చివేయకుడి. 1098 నంబరునకు ఫోను చేసి తెలియజేయుడి. మిషన్ వాత్సల్య పథకము క్రింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సహాయము కలదు. చదువు వచ్చిన యౌవనస్థులు ఆ కాగితములు వ్రాసిపెట్టినచో అది గొప్ప సేవ.

అయితే మీ ఊరిలో ఏ కాగితములలోను చేరని పెంపకములు ఎన్ని కలవు? తల్లి గల్ఫుదేశమునకు పనికి పోగా అమ్మమ్మయొద్ద పెరుగుచున్న పిల్ల, తల్లిదండ్రులు కూలికి దూరదేశము పోగా పెద్దనాన్న ఇంటిలో మిగిలిన పిల్లవాడు, జ్వరముతో చనిపోయిన చెల్లెలి బిడ్డలను తన బిడ్డలతో కలిపి సాకుచున్న పెద్దమ్మ. వీరు ఆదివారము మన ప్రక్కనే కూర్చుండి పాడుదురు. మనము క్రిస్మసునాడు ఆ పిల్లలకు బట్టలిచ్చి, వేదికపై నిలువబెట్టి, అనాథలని పేరు పిలిచి, మరుసటి క్రిస్మసు వరకు మరచిపోవుదుము.

కాబట్టి ఒక్క పని చేయుడి. మీ సంఘములో అట్టి ఇండ్లెన్నో పెద్దలు లెక్కింపవలెను. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క సహోదరిని గాని దంపతులను గాని ఏర్పరచవలెను. వారు నెలకు రెండుసార్లయినను, మారకుండ, ఆ ఇంటికే వెళ్లవలెను. బిడ్డ బడికి పోవుచున్నదా, నిద్రపోవుచున్నదా, ఒంటిపై దెబ్బలున్నవా చూడవలెను. అమ్మమ్మ మోకాళ్ల నొప్పిని గూర్చియు అడుగవలెను. ఒక పూట బిడ్డను తమ యింట ఉంచుకొని ఆమెను పండుకొననియ్యవలెను. హాస్టలు వార్డెనును, అంగన్‌వాడీ టీచరును కూడ ఈ పరామర్శలో చేర్చుడి. వారును ఎవరైన తమ సంగతి అడిగెదరా అని ఎదురుచూచువారే.

మొర్దెకై ప్రతిదినము ఆ ఆవరణము ఎదుట నడచినప్పుడు అది గొప్ప కార్యమని ఎవరును వ్రాసికొని యుండరు. దేవుడు మాత్రము దానిని తన గ్రంథములో వ్రాయించెను. దిక్కులేనివారికి తండ్రియైన ప్రభువు మన పాదములను ఈ వారమే ఆ ఇండ్లవైపు త్రిప్పును గాక. ఆమేన్.