మాచర్లకి సొరచేప వస్తుందా?

పల్నాడు చరిత్ర అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం అనుకుంటారు. ఇవాళ మాత్రం సొరచేప గురించి చెప్పుకుందాం. నవ్వకండి. సూర్యలంక పోదామంటే "అక్కడ సొరచేపలుంటాయేమో" అన్న పెద్దమనిషి నాకు నరసరావుపేటలోనే తగిలాడు.

ముందు మన సంగతి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డ పల్నాడు జిల్లాకి సముద్రం లేదు. ఒకప్పుడు ఉండేది! మన నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నపురాయి సముద్రం అడుగున పుట్టినవే. కానీ అప్పటికి సొరచేప ఇంకా పుట్టలేదు. పోనీ ఇప్పుడు కృష్ణలో ఎదురీది వద్దామన్నా ప్రకాశం బ్యారేజీ, ఆపైన పులిచింతల అడ్డం. మాచర్ల రావాలంటే దానికి ఆర్టీసీ బస్సే దిక్కు.

మరి ఈ భయం ఎక్కడిది? 1916 జులైలో అమెరికాలోని న్యూజెర్సీలో 12 రోజుల్లో నలుగురు సొరచేప నోట పడి చనిపోయారు. అందులో ఇద్దరు పోయింది సముద్రంలో కాదు, మటావాన్ అనే ఊరి వాగులో. జులై 12న ఓ ముసలి కెప్టెన్ వాగులో సొరని చూసి ఊళ్లో అందరికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. కాసేపటికే లెస్టర్ స్టిల్‌వెల్ అనే పిల్లాడు పోయాడు. వాడి కోసం దిగిన స్టాన్లీ ఫిషర్ కూడా పోయాడు. 1975లో స్పీల్‌బర్గ్ 'జాస్' సినిమాతో సొర భయం ప్రపంచమంతా పాకింది.

ఇప్పుడు లెక్క చూడండి. 2022లో రెచ్చగొట్టకుండానే సొర కరిచిన కేసులు ప్రపంచం మొత్తం మీద 57. నీళ్లలో మునిగి పోయినవాళ్లు 2021 ఒక్క ఏడాదిలోనే సుమారు 3 లక్షలు. మన దగ్గరైతే బాలింతలకి పాలసొర వండి పెడతాం. భయపడాల్సింది అదేనండీ, మనం కాదు!

మనం భయపడాల్సింది పళ్లు లేని అలకి. కార్తీక పౌర్ణమికి బండి కట్టించుకుని సూర్యలంక పోతాం. "సాగర్ కాలవలో ఈదినోణ్ణి, నాకేంటి" అంటాం. కాలవకి రెండు గట్లుంటాయి బాబూ. సముద్రం ఒడ్డుకి తెచ్చిన నీళ్లని ఇరుకు దారుల్లో మళ్లీ లోపలికి లాక్కుపోతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కితే నేరుగా ఒడ్డుకేసి ఈదొద్దు, అలిసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి రండి. అంత ఓపిక లేకపోతే తేలుతూ చెయ్యెత్తండి. ఒకడు మునుగుతుంటే వెనకే దూకొద్దు. కేక పెట్టండి, తాడో ఖాళీ క్యానో విసరండి. ఫిషర్ ధైర్యవంతుడే, కానీ ఆ రోజు రెండిళ్లలో ఏడుపు మిగిలింది.

ఒడ్డున పోలీసు ఈల వేస్తే ఆ ముసలి కెప్టెన్ని గుర్తు చేసుకోండి. నవ్వకుండా బయటికి రండి. ఇంటికెళ్లి సొరపుట్టు తిందాం. ఉంటాను మరి.