జార్జ్ హారిసన్ తొలి పాట: పుట్టుపూర్వోత్తరాలు

బీటిల్స్ పాటల చరిత్రను జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీల జంట రచనగానే చూసే అలవాటు పాతుకుపోయినందున, ఆ బృందపు లీడ్ గిటారిస్టు జార్జ్ హారిసన్ ఒంటరిగా రాసి బాణీ కట్టిన తొలి పాట ‘డోంట్ బాదర్ మీ’ మీద తగినంత దృష్టి పడలేదు. 1961లో హాంబర్గ్‌లో రికార్డయిన ‘క్రై ఫర్ ఎ షాడో’ అతడు లెనన్‌తో కలిసి కూర్చినదే అయినా, అది గాత్రం లేని వాద్యరచన మాత్రమే. సొంతంగా పాట రాయమని లివర్‌పూల్ సంగీత పత్రిక ‘మెర్సీ బీట్’ సంపాదకుడు బిల్ హ్యారీ అతడిని తరచూ పురికొల్పేవాడు.

1963 ఆగస్టు 19 నుంచి 24 వరకు ఇంగ్లండు దక్షిణ తీరంలోని బోర్న్‌మత్ పట్టణంలో, గోమాంట్ థియేటరులో బృందం కచేరీలు చేస్తున్న రోజుల్లో, ఇరవయ్యేళ్ల హారిసన్ జబ్బుపడి ప్యాలస్ కోర్ట్ హోటల్‌లో మంచాన ఉండగానే ఈ పాట రాశాడు. ప్రియురాలు వెళ్లిపోయిందనీ, ఆమె తిరిగి వచ్చేదాకా తన జోలికి ఎవరూ రావద్దనీ చెప్పే ఈ పాట, దిగులును ధ్వనింపజేసే మైనర్ స్వరశ్రేణిలో సాగుతూ, ఆనాటి బీటిల్స్ ప్రేమగీతాల హుషారుకు దూరంగా నిలుస్తుంది.

సెప్టెంబరు 11న లండన్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో మొదలైన రికార్డింగు తృప్తికరంగా రాకపోవడంతో మరునాడు మళ్లీ మొదటి నుంచి చేపట్టారు. హారిసన్ తన గొంతు మీదే మరోసారి పాడి రెండింటినీ కలిపే డబుల్ ట్రాకింగ్ పద్ధతిని పాటించగా, లెనన్ టాంబరిన్‌ను, మెకార్ట్నీ ఒకదానితో ఒకటి తాటించి మోగించే కొయ్య కడ్డీలైన క్లేవ్స్‌ను, రింగో స్టార్ డ్రమ్స్‌తో పాటు బాంగోను వాయించారు. నవంబరు 22న వెలువడిన ‘విత్ ద బీటిల్స్’ ఆల్బమ్‌లోని 14 పాటల్లో ఆరు ఇతరులవి, ఏడు లెనన్–మెకార్ట్నీలవి కాగా, మిగిలిన ఒక్కటి ఇదే.

హారిసన్ దీనిని గొప్ప పాటగా ఎన్నడూ చెప్పుకోలేదు. పాట రాయగలనో లేదో తేల్చుకోవడానికి చేసిన అభ్యాసంగానే తన ఆత్మకథలో పేర్కొన్నాడు. అయినా 1965లో ‘హెల్ప్’ ఆల్బమ్‌లో చోటు పొందిన రెండు పాటలకూ, 1969 నాటి ‘సమ్‌థింగ్’కూ దారితీసిన సాధన ఇక్కడే మొదలైంది కనుక, రచయితగా హారిసన్ ఎదుగుదలను అంచనా కట్టదలచినవారు ఈ పాటతోనే ఆరంభించాలి.