ఊపిరితిత్తి దక్కిన రోజు

1947లో లండన్‌లో క్లెమెంట్ ప్రైస్ థామస్ అనే సర్జన్ ముందుకి వైమానిక దళంలో శిక్షణ పొందుతున్న ఓ కుర్రవాడు వచ్చాడు. కుడి ఊపిరితిత్తికి గాలి మోసుకెళ్లే గొట్టంలో కణితి. మెల్లగా పెరిగే రకం, కార్సినాయిడ్ అంటారు.

అప్పటికి డాక్టర్లకు తెలిసిన దారి ఊపిరితిత్తి మొత్తం తీసేయడమే. 1933లో అమెరికాలోని సెయింట్ లూయీలో ఎవార్ట్స్ గ్రాహమ్, క్యాన్సర్ సోకిన ఓ డాక్టరుకి ఎడమ ఊపిరితిత్తిని ఒకే ఆపరేషన్‌లో తీసేశాడు. ఆ రోగి ముప్ఫై ఏళ్లు బతికాడు. ఎంతోమందికి ప్రాణం పోసిన పద్ధతి అది. కానీ ఈ కుర్రవాడికి ఒక ఊపిరితిత్తి పోతే ఎంచుకున్న కొలువే పోతుంది.

జబ్బు ఉన్నది గొట్టంలో. దాని అవతల ఊపిరితిత్తి బాగానే ఉంది. ప్రైస్ థామస్ కణితి ఉన్న మేర గొట్టాన్ని ఉంగరంలా కోసి తీసి, మిగిలిన రెండు కొసలనూ దగ్గరికి లాగి కుట్టాడు. చొక్కా చేతిలో చిరిగిన మేర కత్తిరించి మళ్లీ కలిపి కుట్టినట్టు. అందుకే దీన్ని ‘స్లీవ్’ ఆపరేషన్ అన్నారు.

కుట్టు మాత్రం బట్ట మీద వేసేటంత సులువు కాదు. లోపల ఊపిరి ఆడుతూనే ఉండాలి. కొసలు బిగుసుకుంటే అతుకు ఊడుతుంది, రక్తం అందకపోతే మానదు, మానాక ముడుచుకుపోతే ఊపిరికి దారి మూసుకుపోతుంది. అయినా 1952లో ఫిలిప్ అలిసన్ అనే సర్జన్ ఇదే పద్ధతిని ఊపిరితిత్తి క్యాన్సర్‌కి వాడాడు. అయితే అన్ని కణితులూ ఇలా లొంగవు. 1951లో బ్రిటన్ రాజు ఆరో జార్జికి ఆపరేషన్ చేసిందీ ప్రైస్ థామసే; అక్కడ ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీయక తప్పలేదు.

నాకు ఇంతకన్నా సాహసంగా తోచేది గొంతు నుంచి దిగే పెద్ద గాలి గొట్టం కథ. ఊపిరితిత్తులు రెండున్నాయి, ఆ గొట్టం ఒక్కటే. పెద్దవాళ్లలో దాని పొడవు సుమారు 11 సెంటీమీటర్లు. అందులో 2 సెంటీమీటర్లకు మించి కోస్తే కొసలు కలవవని సర్జన్లు చాలాకాలం నమ్మారు. బోస్టన్‌లో హెర్మీస్ గ్రిల్లో అనే సర్జన్ ఆ నమ్మకాన్ని మృతదేహాల మీద కొలిచి చూశాడు. చుట్టూ ఉన్న కణజాలాన్ని వదులు చేసి, మెడ ముందుకు వంచితే దాదాపు సగం గొట్టం తీసినా కొసలు కలుస్తాయని 1960లలో తేల్చాడు. తర్వాత అతని రోగులు అతుకు లాగుడు పడకుండా, గడ్డం కింది చర్మాన్ని ఛాతీకి కలిపిన ఒక్క కుట్టుతో, తల వంచుకుని వారం రోజులు గడిపేవారు.