లియోను తపాలాబండి దోపిడి

ఫ్రాన్సు దేశమున విప్లవజ్వాలలు కొంత చల్లారి, డైరెక్టరీ ప్రభుత్వము సాగుచున్న 1796వ సంవత్సరమున, ఏప్రిల్ 27వ తేదీ రాత్రి, ఇటలీయందలి సైన్యము నిమిత్తమై లక్షల విలువగల కాగితపు ద్రవ్యమును వహించి పారిసునుండి లియోనునకు బయలుదేరిన తపాలాబండి, మెలున్ పట్టణమునకు చేరకమునుపే దోపిడిగాండ్ర వాతబడెను. తపాలా ఉద్యోగియు, గుఱ్ఱములు తోలువాడును శవములై దొరకిరి. బండిలోని ఏకైక ప్రయాణికుడు మాయమయ్యెను. ఆ పగటివేళ నలుగురు ఆశ్వికులు మోంజెరోం, లియూసేం గ్రామములలో తీరికగా భోజనముచేసి, ఊరివారి కంటబడియుండుటచే, నేరమునకు కాకున్నను నేరస్థుల ముఖములకు సాక్షులు పలువురు లభించిరి.

దుయే పట్టణమునుండి వచ్చి పారిసున కాపురముండిన జోసెఫ్ లెసుర్క్ అను గృహస్థుడు, కొలదిదినముల పిమ్మట, పోలీసులు పట్టుకొనిన తన పత్రములను విడిపించుకొనబోవుచున్న గెనో యను మిత్రునికి తోడుగా న్యాయాధికారి కార్యాలయమునకు వెళ్లెను. వెలుపలిగదిలో సాక్ష్యమిచ్చుటకై వేచియుండిన ఇద్దరు పూటకూళ్లింటి పనికత్తెలు, వారిరువురును ఆనాటి ఆశ్వికులేయని నిశ్చయముగా పలికిరి. ఆ స్త్రీలకు లెసుర్క్‌పై పగ లేదు, వారి మాటలో కపటమును లేదు. కాని దొంగలను గూర్చియే తలపోయుచు, దొంగలను విచారించు చోట కూర్చుండినవారికి, ఆ గడప దాటివచ్చిన ప్రతి ముఖమును అనుమానాస్పదముగా తోచుటలో ఆశ్చర్యమేమున్నది? ఒక్కమారు గుర్తించితిమని చెప్పినపిమ్మట, తొలుత చూచిన ముఖము మఱుగుపడి, గుర్తించిన ముఖమే జ్ఞాపకమున నిలిచిపోవును.

గెనో ఆ దినమున తాను వేఱొకచోట నుండినట్లు స్థాపించుకొని విడుదలయ్యెను. అనగా, ఆ స్త్రీల గుర్తింపు ఒకనిపట్ల తప్పని న్యాయస్థానమే తేల్చెను; అయినను అదే గుర్తింపు రెండవవానిపట్ల ప్రమాణముగానే నిలిచెను. లెసుర్క్ పారిసుననే యుండెనని చెప్పుటకు వచ్చినవారిలో ఒక స్వర్ణకారుడు, తేదీకి ఆధారముగా తన లెక్కలపుస్తకమును పేర్కొనగా, దానియందలి విప్లవపంచాంగపు తేదీలో 9 అంకె 8గా దిద్దబడియున్నట్లు బయటపడెను. ఆ దిద్దుబాటుతో తక్కిన సాక్షుల మాటయు విలువ కోల్పోయెను. ఎదుటివాని కవచమున చిల్లు పడినంతమాత్రమున తన ఖడ్గమునకు పదును పెరుగదుగదా. కాని అభియోగమునకు ఆనాడు అట్టి పదునే దక్కెను.

అదే సంవత్సరము ఆగష్టులో మరణశిక్ష విధింపబడెను. తన నేరము నొప్పుకొనిన కురియోల్ అను సహముద్దాయి, లెసుర్క్ నిర్దోషియనియు, సాక్షులు చూచినది ఆనాడు పసిడిరంగు కృత్రిమకేశములు ధరించిన డ్యూబోస్క్ అను దొంగననియు ఘోషించెను. క్షమాభిక్ష పెట్టు అధికారమును విప్లవశాసనమే తొలగించియుండుటచే డైరెక్టరీ శాసనసభను ఆశ్రయింపవలసివచ్చెను. సభ జోక్యము చేసికొనలేదు. అక్టోబరు 30న లెసుర్క్ శిరశ్ఛేదమునకు గురియయ్యెను. దాదాపు నాలుగేండ్లకు పట్టుబడిన డ్యూబోస్క్ శిరస్సున అట్టి కేశములుంచి చూపగా, మునుపు లెసుర్క్‌ను గుర్తించిన యొక సాక్షి తాను పొరబడితినని చెప్పెను. తక్కినవారు తమ పూర్వవాక్యమునే పట్టుకొనియుండిరి. డ్యూబోస్క్‌కును మరణశిక్షయే పడెను. లెసుర్క్ సంతతివారు దశాబ్దములు పోరాడగా, మృతుల పక్షమునను తీర్పుల పునర్విచారణకు తావిచ్చు చట్టము 1867లో వచ్చెను. అయినను 1868లో వారి వినతి త్రోసివేయబడెను.

మన దేశమున 2024వరకు అమలులోనుండిన 1872నాటి సాక్ష్యచట్టము 9వ సెక్షను ఆధారముగా పెరిగిన గుర్తింపు పెరేడు పద్ధతి, సాక్షి పొరబడి గుర్తించు ఇట్టి ప్రమాదమునకే విరుగుడు. నిందితుని పోలికగల పలువురిలో కలిపి నిలుపవలెను. సాక్షి అంతకుముందు అతనిని చూచియుండరాదు. మేజిస్ట్రేటు సమక్షమున అది జరుగవలెను. అట్లు జరిగినను, అది న్యాయస్థానమున ఇచ్చు సాక్ష్యమునకు ఊతయేగాని స్వతంత్ర ప్రమాణము కాదు. దోపిడి వ్యాజ్యములలో న్యాయమూర్తులు దొరకిన సొత్తునో, మఱియొక ఆధారమునో వెదకుటకు కారణమిదియే. అబద్ధమాడు సాక్షిని అడ్డుప్రశ్నలు పట్టియీయగలవు. నిజాయితీతో పొరబడిన సాక్షిని అవి కదల్పజాలవు. కాబట్టి అట్టివాని నిశ్చయమును కాక, ఆ నిశ్చయము ఏర్పడిన విధమును పరీక్షించుటయే న్యాయమూర్తి విధి.