అర్జునుడు ఆడపిల్లయితే



మీ ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లలుంటే ‘ఆరూ షా’ పేరు వినే ఉంటారు. మా అమ్మాయి స్కూల్ లైబ్రరీ నుంచి తెచ్చుకుంది. నేను నైట్ డ్యూటీ దిగొచ్చి టీ తాగుతుంటే, "అమ్మా, ఇందులో పాండవులు ఈ కాలంలో ఆడపిల్లలుగా పుట్టారు. శకునేమో పావురం!" అంది. నాకు ఒళ్ళు మండింది. పుస్తకం లాక్కుని బీరువాలో పెట్టేశాను. మన భారతాన్ని పాడుచేస్తున్నారని ఫోన్లో మా అత్తగారితో కూడా అన్నాను.

రెండు రోజులు అది నాతో సరిగ్గా మాట్లాడలేదు. అసలు ఇలాంటి పుస్తకాలు ఎందుకు వచ్చాయో చూద్దామని చదవడం మొదలుపెట్టాను.

1965లో అమెరికాలో నాన్సీ లారిక్ అనే ఆవిడ ఒక వ్యాసం రాసింది. మూడేళ్ళలో అచ్చయిన ఐదువేలకు పైగా పిల్లల పుస్తకాల లెక్క తీస్తే, నల్లవాళ్ళు ఒక్కరైనా కనిపించినవి నూటికి ఏడు కూడా లేవు. పుస్తకాల్లో ఎప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారని ఐదేళ్ళ నల్లపాప అడిగిన ప్రశ్నతో మొదలవుతుంది ఆ వ్యాసం. 1968లో ఉర్సులా లె గ్విన్ ‘ఎర్త్‌సీ’ మొదటి నవలలో మాంత్రికుడు గెడ్‌ని గోధుమరంగు కుర్రాడిగా రాసింది. 2004లో టీవీలో తీసినప్పుడు మాత్రం ఆ వేషం తెల్లవాడికే ఇచ్చారు! ఆవిడ మండిపడింది.

గ్రీకు దేవుళ్ళతో ‘పెర్సీ జాక్సన్’ రాసిన రిక్ రయర్డన్‌ని మిగతా దేశాల పురాణాలూ రాయమని పాఠకులు అడిగేవారు. అవి ఆయా ఇళ్ళలో పుట్టినవాళ్ళు రాస్తేనే బాగుంటుందని, వాళ్ళ పుస్తకాల కోసం ఆయన పేరుతోనే ఒక వరస మొదలైంది. 2018లో అందులో వచ్చిన మొదటి పుస్తకమే మా అమ్మాయి తెచ్చింది. రాసిన రోషని చోక్షి తండ్రి గుజరాతీ, తల్లి ఫిలిప్పీన్స్ ఆవిడ.

సరే, అయినా భారతాన్ని మార్చొచ్చా అని నాకు మనసులో పీకుతూనే ఉంది. ఆ శనివారం ఇంట్లో ‘మాయాబజార్’ పెట్టుకున్నాం. ఎన్నోసారో లెక్కలేదు. 1957 నాటి సినిమా. చందమామ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే తీశారు. సావిత్రి ఘటోత్కచుడిలా మీసం మెలేసినట్టు చెయ్యి తిప్పుతుంటే పడీపడీ నవ్వుతున్నాం. అప్పుడు తట్టింది. శశిరేఖ వ్యాసభారతంలో లేనే లేదు! ఘటోత్కచుడు ఆడపిల్లయితే మనకి ముద్దు, అర్జునుడైతే కోపమా? ఆయన విరాటుడి కొలువులో బృహన్నలగా ఏడాది డాన్స్ నేర్పలేదూ?

మా అత్తగారికి ఇదే చెబితే, "ఊర్మిళాదేవి నిద్ర మాత్రం వాల్మీకి రాశాడటే?" అన్నారు. నిజమే. పద్నాలుగేళ్ళు నిద్రపోయి, తిరిగొచ్చిన మొగుణ్ణి పరాయివాడనుకుని చివాట్లు పెట్టిన ఊర్మిళ, మన ఆడవాళ్ళ పాటల్లోనిదే కదా.

పుస్తకం తిరిగి ఇచ్చేశాను. నేనూ చదివాను, జోకులు మరీ ఎక్కువ. ఇప్పుడు మా అమ్మాయికి ఊర్మిళ కథ కావాలట. వీడియో కాల్లో వాళ్ళ నానమ్మ పాడుతున్నారు గానీ, లక్ష్మణుడు లేపే చోటు దాటాక గుర్తులేదంటున్నారు. మీ అమ్మమ్మలకి ఎవరికైనా మిగతాది వస్తే, వాయిస్ మెసేజ్ పెట్టించండి.