పరుల చేవ్రాలునకు పూచీ



పూచీ యను మాట మన పల్లెలకు క్రొత్తది కాదు. యాజ్ఞవల్క్యస్మృతి పూటకాపులను మూడు తెగలుగా చెప్పుచున్నది. "మనుష్యుని తెచ్చి నిలిపెదను" అనువాడొకడు. "ఇతడు నమ్మదగినవాడు" అనువాడు రెండవవాడు. "ఇతడీయనిచో నేనిచ్చెదను" అనువాడు మూడవవాడు. మొదటి యిరువురి మాట తప్పినచో వారే చెల్లింపవలయును; మూడవవాని విషయమున కుమారులును బద్ధులగుదురు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన తెలుగు చేసెను. కావున ఈ విచారము మనకు పెద్దల నాటినుండియు పరిచితమే. నేడు నేను చెప్పబోవునది, బ్యాంకులు వర్తకుల చెక్కుల వెనుకనుండు సంతకములకు పూచీపడుట యెట్లు కలిగెను, అందలి యపాయమేమి యను కథ.

చెక్కు అనగా ఖాతాదారు తన బ్యాంకునకు వ్రాయు ఆజ్ఞాపత్రము. అందు పేరున్నవాడు దాని వెనుక చేవ్రాలు చేసి మరియొకరికి మార్పవచ్చును. దీనినే ఎండార్సుమెంటు అందురు. ఆ పేరుగలవాని చేవ్రాలు దొంగదైనచో, పిదప ఆ కాగితము పది చేతులు మారినను ఎవ్వరికిని దానిపై హక్కు కలుగదు. చిక్కంతయు ఇచ్చటనే కలదు.

మన వర్తకులు ఈ చిక్కును ముందే గుర్తించిరి. షాజోగు హుండీ యనునది బజారున పేరుగాంచిన షాహుకారునకే చెల్లును. అది దొంగిలినదనియో, కూటలేఖ యనియో తరువాత తేలినచో, సొమ్ము పుచ్చుకొన్న షాహుకారు వడ్డీతో మరలనిచ్చుట ఆచారము. ఆయనకు తెచ్చినవాని యిల్లు వాకిలి తెలియును గనుక ఆ పూచీకి ఆధారముండెను. 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము సయితము హుండీల స్థానికాచారములను చెరుపలేదు.

పట్టణములు పెరిగి చెక్కులు వేలకొలది రాజొచ్చిన పిమ్మట, సొమ్ము చెల్లించు బ్యాంకు ఊరు పేరు తెలియని వారి సంతకములను గుర్తించుట యసాధ్యమయ్యెను. ఇంగ్లండున 1853లోనే చట్టము ఆ బ్యాంకునకు రక్షణ కల్పించెను. మన 1881 చట్టపు 85వ సెక్షనును అట్టిదే. చెక్కును వసూలు చేయు బ్యాంకునకు 131వ సెక్షను రక్షణ కలదు. కాని అది గీతలు గీచిన చెక్కునకు, తన ఖాతాదారు కొరకు, సద్బుద్ధితో, అజాగ్రత్త లేక వసూలు చేసినప్పుడు మాత్రమే.

ఇచ్చట సూక్ష్మమొకటి యున్నది. చట్టము బ్యాంకును అడుగునది జాగ్రత్త. "వెనుకటి యెండార్సుమెంట్లకు మేము పూచీ" అని ముద్ర వేసిన బ్యాంకు వాగ్దానము చేయునది సత్యము. ఎంత జాగ్రత్తపడినను సంతకము దొంగదైనచో, ఆ పూచీ తప్పదు. పిదప బ్యాంకు తన ఖాతాదారుని పట్టుకొనవలెను. ఆ వర్తకుడు అప్పటికి దివాలా యెత్తినచో పట్టుకొనుటకేమియు మిగులదు. పోవునది బ్యాంకు సొమ్మనుకొందుము గాని, అందు పైసలు కూడబెట్టుకొన్న బీదసాదల డిపాజిట్లును గలవు.

వర్తకసంఘముల చెక్కులలో అపాయము మరియు హెచ్చు. 1924లో ఇంగ్లండున తీర్పైన అండర్‌వుడ్ కంపెనీ దావాయే నిదర్శనము. ఆ కంపెనీకి డైరెక్టరొక్కడే. ఆయన కంపెనీ పేరిటి చెక్కుల వెనుక సంతకము చేసి తన సొంత ఖాతాలో వేసికొనెను. సంతకము ఆయనదే, అట్లు వాడుకొను అధికారము మాత్రము ఆయనకు లేదు. కంపెనీ చెక్కులు వ్యక్తి ఖాతాలోనికేల వచ్చుచున్నవని బ్యాంకు విచారింపలేదు. ఆ నష్టము బ్యాంకే భరింపవలసి వచ్చెను.

నా కథయు దాచను. పాఠశాలలో పని చేయు దినములలో ఒక వర్తకుడు చెక్కు తెచ్చి, వెనుకనున్నది తన భాగస్వామి సంతకమే యని నన్ను సాక్షి వ్రాలు చేయుమనెను. ఆ భాగస్వామి వ్రాయగా నేను చూడలేదు. మొగమాటమున వ్రాసితిని. అది దొంగసంతకమని తేలెను. అతడు కనబడలేదు, నేను మూడునెలల జీతము కోల్పోతిని. శిష్యులకు ధర్మశాస్త్రము చెప్పినవాడనే, దానిని నా చేతికి చెప్పుకొనలేకపోతిని.

ఇంగ్లండువారు 1957లో, పేరుగలవాని ఖాతాలోనే వేయు చెక్కునకు ఎండార్సుమెంటు అక్కరలేదని శాసించిరి. మన రిజర్వు బ్యాంకు 2006లో, "అకౌంటు పేయీ" యని గీచిన చెక్కును పేరుగలవానికి గాక యితరుల ఖాతాలో వేయరాదని ఆదేశించెను. కాగితము చేతులు మారుట తగ్గినకొలది పూచీ భారమును తగ్గుచున్నది.

పెద్దలారా! మీ సంఘము పేరనో, మీ పేరనో వచ్చిన చెక్కును మీ ఖాతాలోనే వేయుడు. మీరిచ్చు చెక్కును గీచి యిండు. మీ కన్నులెదుట వ్రాయని సంతకమునకు ఎంతటి ఆప్తుడడిగినను సాక్ష్యము పలుకకుడు.